నీళ్లు, గ్లవ్స్, రంగు: కోర్సు మానేద్దామనుకున్న ఒక హెయిర్ ట్రైనీ కేసు

చేతులకు ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, దురదతో పగిలే జబ్బు) రావడం హెయిర్‌డ్రెస్సింగ్‌లో మామూలే. పని వల్ల చర్మం పాడయ్యే వృత్తుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. చాలామందికి ట్రైనింగ్‌లో చేరిన తొలి నెలల్లోనే మొదలవుతుంది. అయినా ట్రైనింగ్ సెంటర్లలో "ఆ పిల్లకి పడదు" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. పడనిది ఏమిటి, అది ఎక్కడ, ఏ నిమిషంలో చేతికి తగులుతోంది అని ఎవరూ వెతకరు. ఈ కేసులో వెతికాం కాబట్టి రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఇరవై దాటిన అమ్మాయి. పూర్తి కాస్మెటాలజీ కోర్సులో చేరింది, హెయిర్, స్కిన్, మేకప్ అన్నీ కలిపి. మొదటి నుంచీ ఆమె మనసు కలరింగ్ మీదే. పాయలు తీయడంలో చెయ్యి నిలకడగా ఉండేది. రంగుల చక్రం, ఏ లెవెల్ (ఎంత ముదురు రంగు) జుట్టులో కింద ఏ వెచ్చటి ఛాయ దాగి ఉంటుంది, దాన్ని దేనితో అణచాలి లాంటివి బ్యాచ్‌లో అందరికంటే ముందే పట్టుకుంది. ఇలాంటి ట్రైనీని పోగొట్టుకోవడం ఏ ట్రైనర్‌కీ ఇష్టం ఉండదు, నాకూ లేదు. అందుకే నా నిర్ణయాల మీద నేనే ఒక కన్ను వేసి ఉంచాల్సి వచ్చింది.

కోర్సు నడిచే తీరు కూడా చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లు ముందు షాంపూ బేసిన్ దగ్గర నిలబడతారు. సీనియర్ల క్లయింట్లందరి తలలూ వాళ్లే కడుగుతారు, రంగు కడిగేదీ వాళ్లే, ఆ తర్వాత బౌళ్లు, బ్రష్‌లు, తువ్వాళ్ల పని కూడా వాళ్లదే. ఒక రోజు ఆమె పనినంతా గడియారం పెట్టి రాస్తే, చేతులు తడిలో ఉన్న సమయం నాలుగు గంటలు దాటింది. జర్మనీలో పని భద్రతా నియమాల ప్రకారం రోజుకు 2 గంటలు మించి చేతులు నీళ్లలో ఉంటే దాన్ని తడి పనిగా లెక్కవేసి చర్మానికి జాగ్రత్తలు తీసుకోవాలి. మా పిల్లలు దానికి రెట్టింపు చేస్తున్నారు.

వచ్చిన సమస్య

ఆమె నా దగ్గరికి వచ్చేసరికే నిర్ణయం తీసేసుకుంది. "మేడమ్, నాకు షాంపూలు పడట్లేదు. రాత్రి దురదకి నిద్ర ఉండట్లేదు. కోర్సు మానేద్దామనుకుంటున్నా" అంది. ఫీజు కట్టేశారు, ఇంట్లో ఏమంటారో అన్న టెన్షన్ మొహంలో కనిపిస్తోంది.

చేతులు చూశాను. రెండు చేతులకీ వేళ్ల సందుల్లో ఎర్రగా ఒరుసుకుపోయి, అంచుల్లో పొట్టు లేస్తోంది. ఉంగరం కింద ఒక వలయంలా మంట. ఇవి తడి పని చేసే ఎవరి చేతుల మీదైనా కనిపించేవే. సబ్బు నురగ సందుల్లో, ఉంగరం కింద మిగిలిపోతుంది, అక్కడే చర్మం ముందు చెడుతుంది. నన్ను ఆపింది ఇంకొకటి. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసల్లో నిలువు పగుళ్లు ఉన్నాయి, లోతుగా. కుడి చేతికి అవి లేవు. షాంపూ ఒక్కటే కారణమైతే రెండు చేతులూ ఒకేలా ఉండాలి. ఆమె కుడిచేతి వాటం. కుడి చేత్తో బ్రష్ పడుతుంది, ఎడమ చేతి ఆ మూడు వేళ్లతోనే పాయ పడుతుంది.

చిన్నప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా ఉండేదా అని అడిగితే ఉండేదంది. చెవులు కుట్టించుకున్నాక కొన్ని కమ్మలు పెడితే రసి కారేదని కూడా చెప్పింది. మొదటిదాన్నిబట్టి ఆమె చర్మానికి పై రక్షణ పొర పుట్టుకతోనే కొంచెం పలచన అయి ఉండొచ్చు. రెండోది నికెల్ ఎలర్జీకి సూచన. అడ్మిషన్ ఫారంలో ఈ రెండు ప్రశ్నలూ లేవు.

అప్పటికే చేసి చూసినవి

మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాసింది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసిన రకం. నాలుగు రోజులు తగ్గేది, ఆపగానే తిరగబెట్టేది. మంట అణగడంతో బాగైందనుకుని మళ్లీ బేసిన్ దగ్గర నిలబడేది. కారణం అక్కడే ఉండగా మంటను మాత్రమే ఆర్పుతూ పోతే చర్మం పలచబడటం తప్ప ఇంకేం జరగదు.

షాంపూ మార్చింది. సల్ఫేట్ లేనిదన్నారు, హెర్బల్ అన్నారు. తేడా లేదు. నురగ వచ్చే ఏ పదార్థమైనా చర్మంలోని నూనెను కొంత లాగుతుంది, మళ్లీ మళ్లీ నానితే వట్టి నీళ్లే చర్మాన్ని పాడు చేస్తాయి. అన్నిసార్లు కడిగితే ఏ సీసా అయినా ఒకటే.

గ్లవ్స్ వేసుకుంది. ఇక్కడ కథ ఇంకా చెడింది. సెంటర్‌లో ఉన్నవి పౌడర్ పూసిన పలచటి లేటెక్స్‌వి. తడి చేతులతో తొడిగేది. మణికట్టు దగ్గర నుంచి నీళ్లు లోపలికి దిగేవి. ఒక క్లయింట్ అయ్యాక తీసి, లోపలి వైపు బయటికి తిప్పి ఆరేసి, ఇంకొకరికి వాడేది. ఇది ఆమె ఒక్కదాని అలవాటు కాదు, బ్యాచ్ అంతా అదే చేసేవాళ్లు, పొదుపు అనుకుని. తిప్పి వేసుకుంటే రంగు అంటిన వైపు నేరుగా చర్మానికి ఆనుతుంది. పైన గాలి ఆడని కవర్, లోపల చెమట. చర్మంలోకి మందు దిగాలంటే కట్టు కట్టి ఉంచుతాం కదా, అదే జరుగుతోంది, మందు బదులు రంగు.

"పీపీడీ లేదు", "అమ్మోనియా లేదు" అని రాసి ఉన్న ట్యూబ్‌లు కూడా వాడి చూసింది. అమ్మోనియా తీసేస్తే వాసన తగ్గుతుంది, బదులుగా ఎక్కువగా మోనోఎథనోలమైన్ ఉంటుంది. రంగు పుట్టించే రసాయనానికీ దీనికీ సంబంధం లేదు. పీపీడీ, అంటే రంగు పుట్టించే పారా-ఫినిలీన్‌డైఅమైన్ లేదన్న ట్యూబ్‌ల్లో చాలావాటిలో దాని దగ్గరి చుట్టం టోలుయీన్-2,5-డైఅమైన్ ఉంటుంది. ఒకటి పడనివాళ్లలో చాలామందికి రెండోదీ పడదు. ట్యూబ్ వెనక సన్న అక్షరాల్లో ఉన్న జాబితా చదవడం మేము క్లాసులో నేర్పుతాం, అయినా కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు వైపే ఉంటాయి.

తోటివాళ్లు ఇచ్చిన సలహా ఒకటి: "నెయిల్స్‌కి మారిపో, నీళ్ల పని ఉండదు." దీన్ని నేను గట్టిగా వద్దన్నాను. జెల్ నెయిల్స్‌లో వాడే మెథాక్రిలేట్లు, ముఖ్యంగా హేమా అని పిలిచేది, ఎలర్జీ తెప్పించడంలో హెయిర్ డైకి తీసిపోవు. పలచటి నైట్రైల్ (లేటెక్స్ కాని కృత్రిమ రబ్బరు) గ్లవ్స్‌లోంచి నిమిషాల్లో దాటిపోతాయి. పగుళ్లున్న వేళ్లతో అటు వెళ్తే ఒక ఎలర్జీకి ఇంకోటి తోడయ్యే ప్రమాదం ఉంది. పైగా ఇదే రకం రెజిన్లు దంతవైద్యంలోనూ వాడతారు, రేపు పన్ను పాడైతే ఆ తంటా కూడా.

ముందు ఏది ఆపాలి

రెండు అనుమానాలు ఉన్నాయి: తడి, రంగు. రెండూ ఒకేసారి ఆపేస్తే చేతులు బాగవుతాయి, కానీ ఏది కారణమో తెలియదు. ఒక్కొక్కటే ఆపితే తెలుస్తుంది, కానీ ఆ లోపు పగుళ్లు అలాగే ఉంటాయి, పగిలిన చర్మంలోంచి రసాయనాలు లోపలికి దిగుతూనే ఉంటాయి. నేను మొదటి దారే ఎంచుకున్నాను. ముందు చర్మం మానాలి, కారణం ఆ తర్వాత వెతకొచ్చు, ఎందుకంటే తీసేసినవాటిని మళ్లీ ఒక్కొక్కటిగా తెచ్చి చూసే అవకాశం మన చేతిలోనే ఉంటుంది. బేసిన్, కలర్ రెండూ ఆపి, ఆమెను పొడి పనిలో పెట్టాను: డమ్మీ తల మీద కటింగ్, బ్లో డ్రై, మేకప్, క్లయింట్‌తో మాట్లాడి కార్డు రాయడం.

రెండో నిర్ణయం, స్కిన్ డాక్టర్ చూసి ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాలను ఒక్కొక్కటిగా చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేసేదాకా మానేయడం గురించి మాట్లాడకూడదని. ట్రైనర్‌గా నాకు చేతుల తీరు చూసి అనుమానించే హక్కు ఉంది, ఎలర్జీ ఉందని తేల్చే హక్కు లేదు. కలర్ వేసే ముందు క్లయింట్‌కి చెవి వెనక రంగు రాసి 48 గంటలు చూస్తాం కదా, ఆమె కూడా అదే చాలనుకుంది. మోచేతి దగ్గర రాసుకుని చూస్తానంది. వద్దన్నాను. ఆ పద్ధతిలో మహా అయితే ఆ ట్యూబ్ పడదని తెలుస్తుంది, అందులో ఏ పదార్థం పడదో తెలియదు. ఆమెకు కావాల్సింది పదార్థం పేరు.

డాక్టర్ మామూలు సిరీస్‌తో (పరీక్షించే పదార్థాల వరసతో) పాటు హెయిర్‌డ్రెస్సింగ్ సిరీస్ కూడా వీపు మీద అంటించారు. 48 గంటలకు తీసి చూశారు, 96 గంటలకు మళ్లీ చూశారు. రెండోసారి చూడటం ముఖ్యం, కొన్ని ఎలర్జీలు ఆలస్యంగా పైకి తేలతాయి. పీపీడీ గట్టిగా పాజిటివ్. టోలుయీన్-2,5-డైఅమైన్ దానికంటే కొంచెం తక్కువగా పాజిటివ్. నికెల్ పాజిటివ్. బ్లీచ్ పౌడర్‌లోని అమ్మోనియం పెర్‌సల్ఫేట్, రబ్బరు గ్లవ్స్‌లో కలిపే రసాయనాలు నెగటివ్. డాక్టర్ మాటల్లో, అడుగున తడి వల్ల వచ్చిన ఒరుపు, దాని మీద రంగు ఎలర్జీ. తడి వల్ల తలుపు తెరుచుకుంది, రంగు లోపలికి వచ్చింది.

తిరగబెట్టింది

పొడి పనిలో ఉన్నప్పుడు చేతులు మానాయి. ఆ తర్వాత నైట్రైల్ గ్లవ్స్‌తో ముందు బేసిన్ పని కొద్ది కొద్దిగా ఇచ్చాను, వేళ్ల సందులు బాగానే తట్టుకున్నాయి. ఇంక కలర్ విషయానికొస్తే, డాక్టర్‌తో మాట్లాడి, గ్లవ్స్ లేకుండా రంగు ముట్టుకోకూడదన్న షరతుతో మొదలుపెట్టాం. కొద్ది రోజులకే ఎడమ చేతి ఆ మూడు వేళ్ల కొసలూ మళ్లీ పగిలాయి.

"గ్లవ్స్ తియ్యలేదు మేడమ్, ఒట్టు" అంది. అబద్ధం చెప్పే పిల్ల కాదు. కాబట్టి మాటలు పక్కన పెట్టి, ఒక పూర్తి కలర్ సర్వీస్ మొదటి నుంచి చివరి వరకు పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని చూశాను.

రంగు కలిపేటప్పుడు గ్లవ్స్ ఉన్నాయి. రాసేటప్పుడు ఉన్నాయి. టైమర్ పెట్టి గ్లవ్స్ తీసింది. తీయడం కూడా ఎడమ చేతి వేళ్లతో కుడి గ్లవ్ బయటి వైపు చిటికెన పట్టి లాగింది, ఆ వేళ్లకు అప్పటికి గ్లవ్ లేదు. ఇరవై నిమిషాలకు రంగు ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఒక పాయ తీసి, టిష్యూతో తుడిచి, వట్టి ఎడమ చేతి వేళ్ల మధ్య పెట్టి వెలుతురులో చూసింది. డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్) సీసా మూత పక్కకు పెట్టింది, దాని అంచున ఎండిన రంగు ఉంది. తర్వాత రంగు కడగడం జూనియర్ పని కాబట్టి ఆమె చెయ్యలేదు. ఆరబెట్టి, కటింగ్ మొదలుపెట్టింది, అప్పుడే రంగు వేసిన జుట్టును వట్టి ఎడమ చేతి వేళ్ల మధ్య బిగించి పట్టుకుని.

ఆమె దృష్టిలో రంగు ముట్టుకోవడం అంటే బ్రష్‌తో రాయడం. పాయ చూడటం, కత్తిరించడం ఆ లెక్కలోకి రావు. మేము నేర్పిన పాఠంలోనూ గ్లవ్స్ అన్న మాట "అప్లికేషన్" అన్న దశ పక్కనే ఉంటుంది, మిగతా దశల పక్కన ఉండదు. పూర్తిగా పక్వమైన రంగు జుట్టు లోపల పెద్ద అణువుగా బిగుసుకుపోతుంది, దానితో పెద్ద గొడవ లేదు. కానీ కొత్తగా రంగు వేసిన తలలో రంగుగా మారని పీపీడీ కొంత మిగిలి ఉంటుంది, ఎలర్జీ ఉన్న చేతికి ఆ కొంత చాలు.

పని చేసినవి

పని వరసను మార్చాం. కటింగ్ ముందు, కలర్ తర్వాత. దీనికి కలరిస్టుల నుంచి అభ్యంతరం వచ్చింది, సమంజసమైనదే: రంగు ఆరాకే కదా ఆకారం కళ్లకు కనిపించేది, చివరి కత్తెర అప్పుడే పడాలి అని. ఆ చివరి సరిచూపును పలచటి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని చెయ్యాలని ఒప్పుకున్నారు. గ్లవ్స్‌తో కత్తెర పట్టు కొంచెం మారుతుంది, ఆమెకు అలవాటు కావడానికి సమయం పట్టింది. వేలికి సరిపోని సైజు వేసుకుంటే కొసల్లో ముడతలు పడి అవి కత్తెరకు చిక్కుతాయి, కాబట్టి సైజులు వేరు వేరుగా తెప్పించాం.

గ్లవ్స్‌కి కొన్ని నియమాలు పెట్టాం. చేతులు పూర్తిగా ఆరాకే తొడగాలి. ఒకసారి తీస్తే చెత్తబుట్టకే. బేసిన్ దగ్గర పొడవైనవి వాడాలి, పై అంచును బయటికి మడిచి ఉంచాలి, చెయ్యి ఎత్తినప్పుడు జారే నీళ్లు ఆ మడతలో ఆగుతాయి. తీసేటప్పుడు గ్లవ్ ఉన్న చేత్తో రెండో గ్లవ్ బయటి వైపు పట్టి లాగాలి, మిగిలినదాన్ని లోపలి వైపు నుంచి వేలు దూర్చి ఒలవాలి. ఒక గ్లవ్‌కు నీళ్లలో కలిపిన రంగు పూసి, తీశాక వేళ్ల మీద ఎక్కడ మరక పడిందో చూపించాం. అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని విషయం ఆ మరక చూశాక ఎక్కింది, సీనియర్లకు కూడా.

క్లయింట్ల దగ్గర చిన్న ఇబ్బంది వచ్చింది. తల కడగడానికి గ్లవ్స్ ఎందుకు, నన్ను చూస్తే అసహ్యమా అని ఒకామె మొహం మీదే అడిగింది. "రోజంతా నీళ్లలో ఉంటాయండి, నా చేతులు కాపాడుకోవడానికి" అని చెప్పమన్నాను. అంతకు మించి వివరించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

నికెల్ సంగతి చిన్నదే అయినా మంచి పాఠం. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణం దూదిపుల్లకు అద్ది మా సామాను మీద రుద్దాం. నికెల్ వదిలే వస్తువైతే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. మంచి స్టీలు కత్తెరల మీద దూది తెల్లగానే ఉంది. చవక సెక్షన్ క్లిప్పులు, దువ్వెన లోహపు తోక మాత్రం గులాబీ చేశాయి. ఆ తోకతోనే ఆమె రోజంతా పాయలు తీసేది. ప్లాస్టిక్ తోక దువ్వెన, ప్లాస్టిక్ క్లిప్పులు ఇచ్చాం.

చేతులు మాటిమాటికీ సబ్బుతో కడగడం తగ్గించాం. మురికి కనిపించనప్పుడు ఆల్కహాల్ హ్యాండ్ రబ్ చర్మానికి సబ్బు కంటే తక్కువ హాని చేస్తుంది. వినగానే ఎవరూ నమ్మరు, పగుళ్ల మీద పోస్తే భగ్గుమంటుంది కాబట్టి. అందుకే పగుళ్లు మానాకే మొదలుపెట్టించాను. వాసన లేని మాయిశ్చరైజర్ పని ముందు, విరామాల్లో, రాత్రి పడుకునే ముందు, వేళ్ల సందుల్లోకి దిగేలా. గ్లవ్స్‌కు బదులుగా పని చేస్తుందని అమ్మే బారియర్ క్రీమ్‌లు కొననివ్వలేదు, అవి రాసుకున్నవాళ్లు ధైర్యంగా గ్లవ్స్ మానేస్తారు.

అన్నిటికన్నా కష్టమైంది బేసిన్ డ్యూటీ మార్చడం. ఎవరూ రోజుకు 2 గంటలు మించి తడి పనిలో ఉండకూడదు, సీనియర్లు కూడా వంతు తీసుకోవాలి అన్నాను. "మేమంతా అలాగే కదా నేర్చుకున్నాం మేడమ్, మాకేం కాలేదు" అన్నారు. ఏం కానివాళ్లే సీనియర్లుగా మిగులుతారు. చేతులు పాడై వెళ్లిపోయినవాళ్లు ఈ మాట చెప్పడానికి ఇక్కడ లేరు. వంతులు పెట్టాక కొన్నాళ్లు సణుగుడు నడిచింది, తర్వాత సర్దుకుంది.

ఇప్పుడు ఎలా ఉంది, నేను ఏం మార్చుకున్నాను

ఆమె కోర్సు పూర్తి చేసింది. పీపీడీ ఎలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా పోదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. కటింగ్, స్టైలింగ్ ప్రధానంగా చేస్తూ, కలర్‌లో ప్లాన్ వేయడం, ఫార్ములా రాయడం తన చేతిలో పెట్టుకుంది, కలపడం, కడగడం తోటి ఉద్యోగి చేస్తారు. రాయాల్సి వస్తే గ్లవ్స్‌తో రాస్తుంది. చలికాలంలో వేళ్ల కొసలు ఇప్పటికీ ఒకటి రెండుసార్లు పగులుతాయి. పీపీడీకి మార్పు చేసి, ఎలర్జీ తెప్పించే గుణం తగ్గించిన మీథాక్సీమిథైల్-పీపీడీ రంగులు మార్కెట్లో ఉన్నాయి. కొత్తవాళ్లకు ఎలర్జీ రాకుండా అవి కొంత మేలు. ఇప్పటికే ఎలర్జీ ఉన్న చేతికి అవి పడతాయన్న భరోసా లేదు కాబట్టి ఆమెకు వాటిని పరిష్కారంగా చూపించలేదు.

క్లయింట్‌ను అడిగే ప్రశ్నల్లో ఆమె ఒకటి కలిపింది: ఎప్పుడైనా నల్లటి తాత్కాలిక టాటూ వేయించుకున్నారా, అక్కడ బొబ్బలొచ్చాయా? ఆ టాటూల్లో పీపీడీ ఎక్కువ మోతాదులో కలుపుతారు, అక్కడ మొదలైన ఎలర్జీ ఏళ్ల తర్వాత తలకు రంగు వేసినప్పుడు ముఖం వాచేలా బయటపడుతుంది. అవునన్నవాళ్లకు ఆమె రంగు వెయ్యదు, చర్మ పరీక్ష కూడా తను చెయ్యదు, స్కిన్ డాక్టర్ దగ్గరికి పంపుతుంది.

అడ్మిషన్ ఫారంలో చిన్ననాటి ఎగ్జిమా, నగల వల్ల దురద, ఆస్తమా గురించి ప్రశ్నలు చేర్చాం. ఇవి చూసి ఎవరినీ తిరస్కరించకూడదని ముందే రాసుకున్నాం, లేకపోతే రెండో బ్యాచ్ నుంచే అందరూ "లేదు" అని రాస్తారు. "ఉంది" అన్నవాళ్లకు మొదటి రోజు నుంచే తడి పని తగ్గుతుంది, నెలకోసారి చేతులు చూస్తాం.

ఈ కేసు చదివి పీపీడీ పాజిటివ్ వచ్చిన ప్రతి ట్రైనీనీ హెయిర్‌లోనే ఉంచొచ్చు అనుకోవద్దు. ఈమెకు పడనివి చేతికి తగిలితేనే హాని చేసేవి, మధ్యలో ఒక గ్లవ్ పెట్టగలిగాం. బ్లీచ్ పౌడర్‌లోని పెర్‌సల్ఫేట్ వల్ల పిల్లికూతలు, ఆయాసం వచ్చే ట్రైనీ ఉంటే ఆ దారి లేదు. పొడి గాలిలో లేస్తుంది, పక్క కుర్చీలో ఇంకొకరు కలిపినా ఊపిరిలోకి పోతుంది. అలాంటి ట్రైనీకి కోర్సు మొదట్లోనే బ్లీచ్ కలపని గదిలో మేకప్‌కో, స్కిన్ కేర్‌కో మారమని చెప్తాను, ఎంత ప్రతిభ ఉన్నా సరే.